తెరుచుకునే పేరు

శనివారం సాయంత్రం ఆఫీసులో ఒక్కొక్కరూ లేచి వెళ్ళిపోతుంటే, క్రిస్టినా తన బల్ల సొరుగు లాగి, అందులో ఉన్నవి ఒక్కొక్కటే తీసి సంచీలో సర్దడం మొదలుపెట్టింది. ముందు స్టీలు గ్లాసు. గ్లాసులో క్రోషా సూదులు. పక్కన సగం అల్లిన లేసు, దారపు ఉండ, కళ్ళజోడు డబ్బా, తలనొప్పి మందు సీసా, చర్చిలో పంచిన చిన్న కేలెండరు. అన్నిటి పైనా పాత తువ్వాలు ముక్క మడతపెట్టి పెట్టింది. పొద్దున రాగానే ఆ గుడ్డతో కంప్యూటరు తెర తుడవడం, సాయంత్రం దాన్నే మీటల మీద కప్పి వెళ్ళడం ఆవిడ అలవాటు. ఇవాళ మీటలు బోసిగా కనబడేసరికి మనసొప్పక, పైట కొంగుతో ఒకసారి తుడిచింది.

ఆవిణ్ణి ఎవరూ పొమ్మనలేదు. ఎవరైనా పొమ్మంటే అప్పుడు అందరి కళ్ళ ముందూ సొరుగు ఖాళీ చేసుకోవాలి కదా, అదేదో ఇప్పుడే చేసుకుంటే పోతుందని సర్దుకుంటోంది.

మధ్యాహ్నం సెక్రటరీ ఉదయభాస్కర్ గారు అందరినీ హాల్లోకి పిలిచారు. సోమవారం రాజమండ్రి నుంచి కంప్యూటర్ల కంపెనీ అమ్మాయి వస్తోందట. సంఘంలో ఉన్న కంప్యూటర్లన్నిటికీ, యూజర్లందరికీ కొత్త ఆఫీసు సాఫ్ట్‌వేర్ వేస్తుందట. ఉత్తరాలు, లెక్కలు, మెయిళ్ళు అన్నీ ఇకమీదట అందులోనేనట. పాత యూజర్లలో ఇప్పుడు లేనివాళ్ళ పేర్లు తీసేస్తారట. ఎవరూ కంగారు పడక్కర్లేదని కూడా అన్నారాయన. క్రిస్టినా చెవిలో మాత్రం ఒక్క మాటే నిలిచిపోయింది. లేనివాళ్ళ పేర్లు తీసేస్తారు.

నరసాపురంలో ఆ లేసు సంఘం చిన్నదేం కాదు. ఊళ్ళలో ఆడవాళ్ళు ఇళ్ళ అరుగుల మీద అల్లిన లేసంతా అక్కడికే వస్తుంది, అక్కడి నుంచే పెట్టెలకెక్కి దేశాలు పోతుంది. కొన్నవాళ్ళకి రాసే ఉత్తరాలన్నీ క్రిస్టినా బల్ల మీద నుంచే వెళతాయి. కానీ రోజూ పొద్దున ఆవిడ కంప్యూటరు తెరిచేది తన పేరుతో కాదు. ఆవిడకి అందులో పేరు లేదు. మొగుడి పేరు డేనియల్ కొట్టి, అతను పెట్టుకున్న పాస్‌వర్డే కొట్టి తెరుస్తుంది.

సంచీ భుజానికి తగిలించుకునేసరికి ప్యాకింగ్ గదిలోంచి పాపాయి వచ్చి గుమ్మంలో నిలబడింది. లేసు మడతలు పెట్టి పెట్టెల్లో సర్దడంలో ఆవిడ తర్వాతే ఎవరైనా. నోరు కూడా అంతే.

"ఏంటండీ క్రిస్టినమ్మగారూ, ఊరెళుతున్నారా?"

"ఎక్కడికండీ, ఇంటికే. ఉతకడానికి పట్టుకెళుతున్నాను."

పాపాయి సంచీలోకి తొంగిచూసింది. "గ్లాసు కూడా ఉతికేస్తారా?"

క్రిస్టినా నవ్వలేదు. అది చూసి పాపాయి కూడా నవ్వు ఆపేసి, గుమ్మంలోంచి తప్పుకుంది.

*

రైలు గేటు దాటితే ఇల్లు. రెండు గదులు, వెనక కొబ్బరిచెట్టు. అత్తగారు సూరమ్మ ఎప్పట్లాగే గడప పక్కన పీట వేసుకుని కూర్చుని ఉంది. ఆ గడప దగ్గర సంచీ అన్నది ఉండకూడదు. కూరగాయల సంచీ అయినా సరే, తిన్నగా వంటింట్లో మేకుకి వెళ్ళిపోవాలి. చుట్టపుచూపుగా ఎవరైనా వచ్చి సంచీ గుమ్మంలో పెడితే, సూరమ్మ లేచి దాన్ని లోపలికి లాక్కుపోయేది. వాళ్ళు మర్యాద అనుకునేవారు.

క్రిస్టినా పెరటి దారిన వచ్చి, సంచీ మంచం కిందకి తోసి, కాళ్ళు కడుక్కుని ఇవతలికి వచ్చింది.

సూరమ్మ రోజూ అడిగేదే అడిగింది. "వాడి పేరు తెరుచుకుందా?"

"తెరుచుకుంది అత్తయ్యా."

ఆ మాట విన్నాకే ఆవిడ కాఫీ తాగుతుంది. ఎలా మొదలైందో గానీ, ఆ ఇంట్లో సంధ్యవేళ ప్రార్థనకి ముందు ఇదొక ప్రార్థన. కొడుకు పేరు కొడితే ఆఫీసు తెరుచుకుంటోందంటే, ఆఫీసు వాడికి చోటు ఉంచినట్టు. చోటు ఉందంటే మనిషి ఉన్నట్టు. సోమవారం సాయంత్రం ఈ ప్రశ్నకి ఏం చెప్పాలో తెలియక, ఆదివారం చర్చిలో పాస్టరు గారు ఏ వాక్యం మీద మాట్లాడారో కూడా క్రిస్టినాకి తెలియలేదు.

*

వచ్చిన అమ్మాయి పేరు ఆశాజ్యోతి. పాతికేళ్ళు దాటినట్టు లేదు. భుజాన ఒక బరువైన సంచీ, చేతిలో రెండు తీగల చుట్టలు. గంటకొకసారి వాళ్ళమ్మ ఫోను చేస్తుంటే, ఆ పిల్ల విసుక్కోకుండా, తిన్నానమ్మా, కూర్చున్నానమ్మా, ఫ్యాను ఉందమ్మా అని జవాబు చెప్పేది. అది విని క్రిస్టినాకి ఆ పిల్ల మీద భయం కొంచెం తగ్గింది.

సెక్రటరీ గారి గది పక్కన సర్వర్ ఉన్న చిన్న గదిలో కూర్చుని, పని ఎలా జరుగుతుందో ఆశాజ్యోతి అందరికీ చెప్పింది. ఒక్కో కంప్యూటరు దగ్గరికీ వెళ్ళి వేయక్కర్లేదు, ఇక్కడి నుంచే నెట్‌వర్క్ మీద పంపుతుంది. ఏ యూజర్ ఏ కంప్యూటర్లో లాగిన్ అయితే అక్కడికి అదే వచ్చి కూర్చుంటుంది. యూజర్ల పట్టీలో పేరు ఉంటే చాలు.

"రేషన్ కార్డులాగ అన్నమాట," అంది పాపాయి. "పేరున్నోళ్ళకే బియ్యం."

అందరూ నవ్వారు. అమ్మాయి కూడా నవ్వి, సరే చూద్దామని పేర్లు పిలవడం మొదలుపెట్టింది. తమాషా అక్కడే మొదలైంది. ఆ ఆఫీసులో ఎవరి పేరుతో వాళ్ళు కంప్యూటరు తెరవడం అన్న ఆచారం ఎన్నడూ లేదు. పొద్దున ఎవరు ముందొస్తే వాళ్ళు ఏదో ఒక పేరు కొట్టి తెరిచేవారు, సాయంత్రం దాకా అందరూ దాని మీదే పనిచేసేవారు. మనిషి మారినా పేరు మారేది కాదు.

వెంకటరాజు గారు ఎవరండీ అని అడిగితే, ప్యాకింగ్ గది వాళ్ళంతా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వెంకటరాజు గారు పోయి నాలుగేళ్ళయింది. ఆయన పేరు మీద పెట్టెల లెక్క రాస్తున్నది పాపాయి.

"మరి మీ పేరు మీద ఎవరున్నారండీ?"

"నాకసలు ఉందా?" అంది పాపాయి. వెతికితే ఉంది. ఆ పేరుతో కిందటి నెల దాకా వాచ్‌మన్ సినిమాలు చూశాడు.

నవ్వులు అయ్యేవరకూ ఆగి, ఆశాజ్యోతి తర్వాత పేరు పిలిచింది. "డేనియల్ గారు?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఉదయభాస్కర్ గారు గొంతు సవరించుకుని, "ఆయన టూర్‌లో ఉన్నారమ్మా," అన్నారు.

"ఎప్పుడొస్తారండీ?"

ఆయన చేతిలో కాగితాలు సర్దుకున్నారు. అమ్మాయి తెర వైపు చూసి, కొంచెం అయోమయంగా, "మరి ఇవాళ పొద్దున కూడా లాగిన్ అయ్యారే," అంది.

వెనక వరసలోంచి క్రిస్టినా చెయ్యి కొంచెం లేచింది, బళ్ళో పిల్లలు లేపినట్టు. "నేనేనండి."

తర్వాత ప్యాకింగ్ గదిలో పాపాయి ఆ అమ్మాయికి గొంతు తగ్గించి అంతా చెప్పింది. డేనియల్ లేసు పెట్టెలు తీసుకుని ఎగ్జిబిషన్‌కి వెళ్ళడం, పెట్టెలు అక్కడ క్షేమంగా చేరడం, మనిషి మాత్రం జాడ లేకపోవడం, పోలీసులు, చర్చివాళ్ళు, అందరూ వెతకడం. సంఘం పని మీద వెళ్ళినవాడు కాబట్టి, సంఘం అతని పేరు తీయలేదు. ఆయన వచ్చేదాకా చూడమ్మా అని భార్యని ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. రోజు కూలీ లెక్కన. ఆయన వచ్చేదాకా అన్న మాట అలాగే నడుస్తోంది.

*

మంగళవారం మధ్యాహ్నానికి హాలు హాలంతా మారిపోయింది. ఆశాజ్యోతి ముందు రెండు మూడు కంప్యూటర్లకి పంపి చూసుకుంది. ప్యాకింగ్ గదిలో ముసలి కంప్యూటరు ఒకటి సగంలో ఆగి కదలనంటే, దాని డబ్బా విప్పి, లోపల పేరుకున్న లేసు నూగు ఊది, మళ్ళీ పంపింది. ఆ తర్వాత వరసగా అందరికీ. తెరలు వాటంతటవే ఆరిపోయి, వెలిగి, కొత్త రంగులతో తెరుచుకుంటుంటే అందరూ కుర్చీల్లోంచి లేచి ఒకరిది ఒకరు చూసుకున్నారు. ప్రతి తెర మీదా పైన కుడి మూల పేరు. పాపాయి తన పేరు మీద వేలు పెట్టి చూపించి, చూశారా, రాజుగారిని దింపి నేనెక్కానని అందరితో చెప్పింది.

క్రిస్టినా తెర మాత్రం పాతదే. డేనియల్ పేరు మీద టూర్ అని రాసుకుని, ఏం చేయాలో సెక్రటరీ గారు చెప్పాలని అమ్మాయి పక్కన పెట్టింది. అవతల బల్ల నుంచి ఎవరో పంపిన కాగితం ఆవిడ దగ్గర సరిగా తెరుచుకోలేదు. ఆవిడ దాన్ని మూసి, మళ్ళీ తెరిచి, మళ్ళీ మూసింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

భోజనాల వేళ ఉదయభాస్కర్ గారు తనే ఆ బల్ల దగ్గరికి వచ్చారు. మనిషి మంచివాడు, ఎవరి కన్నీళ్ళూ చూడలేనివాడు. ఆశాజ్యోతిని పిలిచి, డేనియల్ పేరు మీద కూడా వేసెయ్యమ్మా అన్నారు. ఆయన మన మనిషే, వచ్చేదాకా ఈవిడ చూసుకుంటుంది, ఎప్పుడూ ఇంతే కదా అన్నారు.

క్రిస్టినా ఒళ్ళోంచి చేతులు తీసి మీటల మీద పెట్టింది. పేరు ఉంటుంది. కుర్చీ ఉంటుంది. సాయంత్రం అత్తయ్యకి రోజూ చెప్పే మాటే చెప్పవచ్చు. ఆ సంతోషంలో తన క్యారేజీలోంచి పులస కాదు గానీ ఏదో చేపల పులుసు ఆ పిల్లకి కూడా వడ్డించింది.

ఆశాజ్యోతి ముళ్ళు ఒక్కొక్కటే తీసి కంచం అంచున పెట్టుకుంది. తర్వాత అంది, "సెక్రటరీ గారు చెప్పారు కాబట్టి వేసేస్తాను ఆంటీ. కానీ మీకొక మాట చెప్పాలి. ఈ సర్వర్ తీసి చూస్తే, ఈ ఆఫీసులో అందరికన్నా ఎక్కువ పని చేసింది డేనియల్ గారు. ఒక్క రోజు మానలేదు. మీరు ఇక్కడ పని చేసినట్టు మాత్రం ఎక్కడా లేదు."

ఆ పిల్ల అది నొప్పించాలని అనలేదు. చూసింది చెప్పింది. క్రిస్టినా పులుసు గిన్నె మూత పెట్టి, మూత సరిగా పడలేదేమోనని ఇంకోసారి నొక్కింది.

*

"వాడి పేరు తెరుచుకుందా?"

"తెరుచుకుంది అత్తయ్యా. కొత్తదాంట్లో కూడా ఉంచుతామన్నారు."

సూరమ్మ కాఫీ గ్లాసు అందుకుంది గానీ తాగలేదు. పొద్దు వాలుతున్న వెలుగులో కోడలి ముఖం వంక చూస్తూ కూర్చుంది.

"మంచం కింద సంచీ ఉంది," అంది.

క్రిస్టినా ఉలిక్కిపడింది.

"శనివారం నుంచీ ఉంది. నేను ఊడ్చినప్పుడల్లా చీపురుకి తగులుతోంది. అడగలేకపోయాను. నువ్వూ వెళుతున్నావనుకున్నాను."

క్రిస్టినా లోపలికి పరుగెత్తి సంచీ తెచ్చి, అత్తగారి ముందు నేల మీద విప్పింది. గ్లాసు, సూదులు, దారం, మందు సీసా, కేలెండరు. సూరమ్మ ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని చూసి, మళ్ళీ కింద పెట్టింది. బట్టలు లేవు. బట్టలు లేని సంచీ అని నమ్మకం కుదిరాక, గోడకి జారగిలబడి కళ్ళు మూసుకుంది. కోడలు జరిగిందంతా చెప్పింది. పేర్ల పిలుపు, పాపాయి వేళాకోళం, సెక్రటరీ గారి మంచితనం, చివరికి ఆ పిల్ల అన్న మాట కూడా.

అంతా విని సూరమ్మ, "మరి నీ పేరు ఎక్కడేస్తారు?" అని అడిగింది.

"నాకు లేదు కదత్తయ్యా."

కాఫీ చల్లారిపోయింది. సూరమ్మ అలాగే తాగేసింది.

*

బుధవారం పొద్దున క్రిస్టినా తన బల్ల దగ్గరికి వెళ్ళకుండా తిన్నగా సెక్రటరీ గారి గదిలోకి వెళ్ళింది. కూర్చోమన్నా కూర్చోలేదు. నా పేరుతో వేయించండి అని అడిగింది.

ఉదయభాస్కర్ గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఆయనకి కోపం రాలేదు, భయం వేసింది. కొత్త పేరు ఊరికే వేయడం కుదరదన్నారు. సీటు ఒకటే. ఆ సీటులో ఉన్నది డేనియల్. అతని సంగతి తేల్చి కాగితం మీద పెట్టాలి, సీటు అడిగేది భార్యే కాబట్టి దాని మీద వాళ్ళమ్మ సంతకం ఉండాలి. పెట్టిన రోజున ఆ సీటు ఖాళీ.

"ఖాళీ అయిన సీటు బోర్డు ఎవరికైనా ఇవ్వచ్చు, క్రిస్టినమ్మా. ఇవాళ నిన్నెవరూ కదపలేరు. చేజేతులా ఎందుకు కదిలించుకుంటావు?"

"ఇంతకాలం నేను కూర్చున్నానండి," అంది ఆవిడ. "కూర్చున్నానని ఒక చోట ఉండాలి."

ఆయన కిటికీలోంచి, పంటు పడవలు ఆగే గోదావరి రేవు వైపు చూశారు. సరే, నువ్వే టైపు చేసి తీసుకురా అన్నారు.

ఎన్ని ఉత్తరాలు రాసిందో లెక్కలేని చేతులు అవి. సంఘం పేరు, తేదీ, విషయం చకచకా పడ్డాయి. అక్కడ ఆగిపోయాయి. తెర మీద గీత ఒకటి వెలిగి ఆరుతూ ఆవిడ కోసం చూస్తోంది. పైన మూలన డేనియల్ పేరు. అతని పేరుతో తెరిచిన కాగితం మీద అతను రాడని రాయాలి. మీటల మీద చెయ్యి వేసి తీసింది. వేసి తీసింది. మధ్యాహ్నమైంది.

అప్పుడు గేటు దగ్గర ఆటో ఆగింది. పాపాయి ముందుగా చూసి, క్రిస్టినమ్మగారూ, మీ అత్తగారండీ అంటూ ఎదురెళ్ళి, కాగితం సంగతీ సంతకం సంగతీ గేటు దగ్గరే ఆవిడ చెవిన వేసేసింది. కొడుకు వెళ్ళాక సూరమ్మ ఆ ఆఫీసు గడప తొక్కింది లేదు. ఉతికిన తెల్లచీర కట్టుకుని, ఒక చేత్తో గోడ పట్టుకుని, రెండో చేత్తో సంచీ పట్టుకుని నడిచి వచ్చింది. ఆ చేతిలో సంచీ చూసి క్రిస్టినా లేచి నిలబడిపోయింది.

సూరమ్మ సంచీ తెచ్చి బల్ల మీద పెట్టింది. "ఇది ఇంట్లో ఉంటే నాకు కాలు నిలవట్లేదు. ఎక్కడివి అక్కడ పెట్టేసుకో."

తనే సొరుగు లాగి, గ్లాసు తీసి లోపల పెట్టింది. సూదులు గ్లాసులో వేసింది. తువ్వాలు ముక్క ఎందుకో తెలియక కోడలి చేతికిచ్చింది. తర్వాత కుర్చీలో కూర్చుని తెర వంక చూసింది. అక్షరాలు కూడబలుక్కుని, కొడుకు పేరు దగ్గర ఆగింది. అదేనా తెరుచుకునేది అని అడిగింది. అదేనంది క్రిస్టినా.

"ఏం రాయాలంట?"

"రాడని రాయాలత్తయ్యా."

సూరమ్మ తల అడ్డంగా ఊపింది. "అది నీకూ తెలీదు, నాకూ తెలీదు. తెలిసింది రాయి. ఎప్పుడు వెళ్ళాడో రాయి. రాలేదని రాయి. సంతకం పెడతాను."

క్రిస్టినా రాసింది. రెండు వాక్యాలే. ప్రింటరులోంచి కాగితం వెచ్చగా వస్తే, పాపాయి దాన్ని లేసుగుడ్డ పట్టుకున్నట్టు రెండు చేతులతో పట్టి తెచ్చి ముసలావిడ ముందు పెట్టింది. సూరమ్మ తన పేరులో ప్రతి అక్షరం విడివిడిగా, నెమ్మదిగా దిద్దింది. ఆవిడ రాస్తున్నంతసేపూ హాల్లో ఎవరూ మీట నొక్కలేదు.

*

గురువారం పదిగంటలకి ఉదయభాస్కర్ గారు గదిలోంచి బయటికి వచ్చారు. ప్రెసిడెంటు రత్నమాణిక్యం గారికి ఫోనులో కాగితం చదివి వినిపించారట. ఇన్నాళ్ళూ నాకొచ్చిన ఉత్తరాలు ఎవరు రాశారో నాకు తెలియదనుకున్నారా అని ఆవిడ అన్నారట. ముందు పేరు వేయమన్నారు. సీటు సంగతి బోర్డు మీటింగులో తనే ఎత్తుతానన్నారు. అదంతా చెప్పి, ఆయన ఈ కాగితం నేనే ఎప్పుడో అడగాల్సిందమ్మా అని లోపలికి వెళ్ళిపోయారు.

ఆశాజ్యోతి కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. యూజర్ల పట్టీలో క్రిస్టినా పేరు చేర్చింది. పాత ఉత్తరాల మీద డేనియల్ గారి పేరు అలాగే ఉండిపోతుంది ఆంటీ, అవి మార్చలేను అంది. ఉండనీ అమ్మా అంది క్రిస్టినా.

"ఇప్పుడు పాస్‌వర్డ్ పెట్టుకోండి. నేను చూడను." ఆ పిల్ల ముఖం అటు తిప్పుకుంది.

క్రిస్టినాకి ఏమీ తోచలేదు. ఇన్నేళ్ళూ ఇంకొకరు పెట్టుకున్న మాటే కొట్టింది గానీ, తనకంటూ ఒక మాట ఎన్నడూ అవసరం పడలేదు. సొరుగు తీసి చూసింది. గ్లాసు, సూదులు, దారం. సూదుల వంక కాసేపు చూసి, చిన్నగా నవ్వుకుని, ఏదో కొట్టింది. మళ్ళీ అదే కొట్టమంటే తప్పు లేకుండా కొట్టింది.

తెర ఆరిపోయింది. వెలిగింది. సాఫ్ట్‌వేర్ వస్తోందని చెబుతూ ఒక చక్రం తిరిగింది. పాపాయి, ప్యాకింగ్ గది వాళ్ళు, అందరూ కుర్చీ వెనక మూగారు. పైన కుడి మూలన పేరు వచ్చింది. పాపాయి దాన్ని గట్టిగా చదివి, ఇక మీకూ బియ్యం వచ్చేసినట్టేనండీ అంది. ఈసారి క్రిస్టినా నవ్వింది. తువ్వాలు ముక్కతో తెర తుడిచి, ఆగిపోయిన ఉత్తరాల్లో మొదటిది తెరిచింది.

సాయంత్రం ఆశాజ్యోతి తన సంచీ సర్దుకుని రాజమండ్రి రైలెక్కడానికి బయల్దేరితే, గేటు దాకా వెళ్ళి, చేరగానే ఫోను చెయ్యమని చెప్పింది. ఇంటికి వచ్చేసరికి సూరమ్మ పీట మీదే ఉంది. కాఫీ గ్లాసు ఒళ్ళో ఉంది.

"నీ పేరు తెరుచుకుందా?" అని అడిగింది.

"తెరుచుకుంది అత్తయ్యా."

ఆవిడ కాఫీ తాగింది. రాత్రి భోజనాలయ్యాక క్రిస్టినా ఫోను మోగింది. ఆ పిల్ల ఇల్లు చేరిందట.

సంఘం ఫైల్లో చేరిన కాగితం మీద ఆ రెండు వాక్యాలు ఇవి: డేనియల్ రెండు వేల పద్నాలుగు డిసెంబరులో లేసు పెట్టెలు తీసుకుని కలకత్తా ఎగ్జిబిషన్‌కి వెళ్ళాడు. తిరిగి రాలేదు.